ఎనిమిదో తరగతి అయ్యాక బడి మాన్పించి ఇంట్లోనే చదివించవచ్చా?

ఖమ్మం అమ్మ:
మా అమ్మాయి ఈ ఏడాది ఎనిమిదో తరగతి పూర్తి చేసింది. తొమ్మిది నుంచి ఇంట్లోనే చదువుకుంటానని పట్టు పడుతోంది. మార్కులు బాగానే వస్తాయి, టీచర్లతో గొడవా లేదు. పొద్దున్నే బస్సెక్కితే స్టడీ అవర్ కూడా అయ్యాక చీకటి పడే వేళకు దిగుతుంది. సొంతంగా ఆలోచించడానికి టైం లేదంటుంది. నేను ఇంట్లోనే కుట్టుపని చేస్తాను. మావారికి ఇష్టం లేదు. చట్టం ఒప్పుకుంటుందా? తర్వాత కాలేజీ సీటుకు ఇబ్బంది వస్తుందా?

లెక్కల మాస్టారు, గుంటూరు:
వద్దమ్మా. తొమ్మిది, పది తరగతుల్లోనే త్రికోణమితి మొదలవుతుంది, రసాయన సమీకరణాలు వస్తాయి. ఇంట్లో ఒక్కరే అన్ని సబ్జెక్టులూ చెప్పలేరు. చివరికి ఇంటి చదువు కాస్తా నాలుగు ట్యూషన్లు అవుతుంది. అంతకన్నా నన్ను భయపెట్టేది ఇంకొకటుంది. మన ఇళ్లలో పదిహేనేళ్ల ఆడపిల్ల పగలంతా ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు పని చెబుతూనే ఉంటారు. కూర తరుగు, తమ్ముణ్ని చూడు, చుట్టాలొచ్చారు టీ పెట్టు. బడి గేటు దాటాక ఆ గంటలు ఆ పిల్లవే. దాన్ని ఎందుకు వదులుకోవాలి?

ఓపెన్ స్కూల్ తండ్రి, హైదరాబాద్:
మాస్టారూ, మీరు చెప్పిన ఇంటిపని సంగతి నిజం. కానీ దానికి బడి ఒక్కటే మందు కాదు.

అమ్మా, ముందు చట్టం సంగతి. విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది, 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది. ఇంటి చదువును అందులో నిషేధించలేదు, గుర్తించనూ లేదు. మీ పాప 14 దాటుతోంది కాబట్టి ఆ చర్చ మీకు పెద్దగా అక్కర్లేదు.

మా అబ్బాయి ఎన్‌ఐఓఎస్‌లో, అంటే కేంద్రం నడిపే జాతీయ ఓపెన్ స్కూల్లో పది, పన్నెండు రాశాడు. పదికి 14 ఏళ్లు నిండాలి. కనీసం ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి, అందులో ఒక భాష తప్పనిసరి. మీ పాపకు కావాలంటే పది తెలుగు మీడియంలోనూ రాయొచ్చు. ఏటా రెండుసార్లు పరీక్షలుంటాయి, అన్నీ ఒకేసారి రాయనక్కర్లేదు, రిజిస్ట్రేషన్ ఐదేళ్లు చెల్లుతుంది. మాకు ఎక్కువగా కలిసొచ్చింది ఇదే: వాడు లెక్కలు, సైన్స్ ముందు ముగించి, సోషల్ తీరిగ్గా చదివాడు. పదికీ పన్నెండుకూ మధ్య మాత్రం రెండేళ్ల తేడా ఉండాలి, తొందరపడి ఒక ఏడాది మిగుల్చుకుందామంటే కుదరదు. ప్రాక్టికల్స్ స్టడీ సెంటర్లో చేయిస్తారు. సెంటర్ దగ్గర్లో ఉందో లేదో, అక్కడ ల్యాబ్ నిజంగా నడుస్తోందో లేదో ముందే వెళ్లి చూడండి.

ఓపెన్ స్కూల్ చదువుకు విలువ లేదనే మాట పాతది. జేఈఈకి ఐదు సబ్జెక్టులతో ఎన్‌ఐఓఎస్ పన్నెండు సరిపోతుంది. ఓపెన్ స్కూల్ పిల్లలు నీట్ రాయకూడదన్న నిబంధనను ఢిల్లీ హైకోర్టు 2018లో కొట్టేసింది.

బెంగళూరు నుంచి చదువరి:
ముంబయి అమ్మాయి మాళవిక జోషి పది, పన్నెండు ఏవీ రాయకుండానే 2016లో అమెరికాలోని ఎంఐటీలో సీటు తెచ్చుకుంది కదా. సర్టిఫికెట్ల టెన్షన్ ఎందుకు?

లెక్కల మాస్టారు, గుంటూరు:
ఆ అమ్మాయికి ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో, అంటే కంప్యూటర్ ప్రోగ్రామింగ్ అంతర్జాతీయ పోటీలో పతకాలున్నాయి. అయినా పన్నెండో తరగతి సర్టిఫికెట్ లేక మన ఐఐటీల తలుపు తెరుచుకోలేదు. ఆమెను చూపించి ఖమ్మం పిల్లకు భరోసా ఇవ్వకండి.

కౌన్సెలింగ్ అక్క, వరంగల్:
అసలు చిక్కు ఎవరూ చెప్పలేదు. ఇంజినీరింగ్ వగైరా సీట్ల ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో లోకల్ కోటాకు అర్హులని తేలాలంటే స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. బడికే వెళ్లకుండా ప్రైవేటుగా చదివినవారు అర్హత పరీక్షకు, అంటే ఇంటర్ లేదా పన్నెండుకు ముందు ఏడేళ్ల నివాస ధ్రువపత్రం పెట్టాలి. మీరు ఖమ్మంలోనే ఉంటున్నారు కాబట్టి రేషన్ కార్డు, ఆధార్ చిరునామాలు ఇప్పుడే సరిచూసుకోండి. మెడిసిన్ ఆశ ఉంటే ఇంకా జాగ్రత్త. తెలంగాణలో 2024లో జీవో 33తో, లోకల్ కోటా కావాలంటే ఇక్కడే వరుసగా నాలుగేళ్లు చదివి అర్హత పరీక్ష కూడా ఇక్కడే రాయాలన్నారు, 2025లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. బడి పేరు లేని నాలుగేళ్లను ఎలా లెక్కిస్తారో రాతపూర్వకంగా తెలుసుకోకుండా టీసీ తీసుకోకండి తల్లీ.

ఖమ్మం అమ్మ:
అందరికీ చాలా థాంక్స్. మీ మాటలన్నీ పాపకు చదివి వినిపించాను. తనకు మెడిసిన్ మీద ఆసక్తి లేదు, ఆర్కిటెక్చర్ అంటోంది. మాస్టారూ, మీరన్నది నాకు బాగా తగిలింది. నేనూ అలా ఇంటిపనిలో పడే ఇంటర్ మానేశాను. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా పాపకు పని చెప్పకూడదని మావారితో, అత్తయ్యతో ఒప్పించుకోగలిగితేనే ముందుకెళ్తాను.

లెక్కల మాస్టారు, గుంటూరు:
నా అభిప్రాయం మారలేదమ్మా. కానీ టీసీ తీసుకునే ముందు ఈ వేసవి సెలవుల్లో ఆ నాలుగు గంటలూ నడిపి చూడండి. తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకంలో మొదటి మూడు పాఠాలు పాప సొంతంగా చేయాలి. ఆగిపోయిన లెక్కలు ఇక్కడ పెట్టమనండి, నేను చెబుతాను.