పట్టాల మీద మనిషి ఉన్నాడంటే రైళ్లన్నీ ఆపాల్సిందేనా?

కిటికీ సీటు:
ఎవరో పట్టాల మీదికి దిగారని తెలిస్తే చాలు, ఆ సెక్షన్లో అన్ని లైన్లూ ఆపేస్తున్నారు. ఒక్కోసారి కరెంటూ తీసేస్తారు. నిన్న మా బండి అలాగే గంటకు పైగా నిలిచిపోయింది. దిగింది ఒక్కడు, ఇరుక్కున్నది వేలమంది. వాళ్లలో పరీక్షకు వెళ్లేవాళ్లుంటారు, ఆసుపత్రికి వెళ్లేవాళ్లుంటారు. హారన్ కొట్టుకుంటూ నెమ్మదిగా నడపొచ్చు కదా? ఆలస్యం వల్ల అయిన నష్టం కూడా దిగినవాడి దగ్గరే వసూలు చేయాలంటాను. మీరేమంటారు?

మూడో లైను:
నేను మీ వైపే. పక్కనే వంతెన పెట్టుకుని పట్టాలు దాటేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. జేబుకు చిల్లు పడితే గానీ మారరు.

పాత గార్డు:
కిటికీ సీటు గారూ, మీ కోపం న్యాయమైనదే. అయితే నెమ్మదిగా నడపడం అనేది కొత్త సంగతేం కాదు. మనిషి ఫలానా చోట ఉన్నాడని తెలిస్తే, అటు వెళ్లే డ్రైవర్లకు ముందే చెప్పి, కంటికి ఆనినంత దూరంలో ఆపగలిగే వేగంతో పంపుతారు. చిక్కంతా అతను ఎక్కడున్నాడో తెలియనప్పుడే. చీకటి, పైగా లైను వంపు తిరిగి ఉంది అనుకోండి. గంటకు వంద కిలోమీటర్లు దాటి వెళ్లే బండి, ఎమర్జెన్సీ బ్రేకు వేసినా ఆగేసరికి కిలోమీటరు దాకా పోవచ్చు. ఇనుప చక్రం, ఇనుప పట్టా, మధ్యలో పట్టు తక్కువ. పక్కకు తప్పించే వీలు లేదు. బ్రేకు వేశాక డ్రైవరు చేతిలో మిగిలేది హారన్ ఒక్కటే. ఎదురుగా ఉన్న మనిషి ముఖం కనిపిస్తూనే ఉంటుంది.

ఢీకొంటే ఏమవుతుందో కూడా చూడండి. పోలీసులు రావాలి, శవాన్ని తీయాలి, బండి కింద తనిఖీ చేయాలి. ఆ డ్రైవరును అప్పటికప్పుడు మళ్లీ నడపమనడం భావ్యం కాదు, ఇంకొకరు రావాలి. ముందు జాగ్రత్తగా ఆపితే పట్టే సమయానికి ఇది ఎన్నో రెట్లు.

ఇక కరెంటు. పైన తీగల్లో సాధారణంగా 25,000 వోల్టులు ఉంటుంది. ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి వెళ్తే చాలు, లాగేస్తుంది. కొన్నిచోట్ల పైన తీగలకు బదులు, నేల మీదే బండికి కరెంటు అందించే మూడో పట్టాలో 750 వోల్టులు ఉంటాయి. వెతకడానికి దిగే సిబ్బంది ప్రాణాలూ లెక్కలోకి రావాలి కదా.

మూడో లైను:
ఆపడం సరే. మరి లైను తెరిచిన తర్వాత కూడా సాయంత్రం దాకా ఆలస్యాలెందుకు?

పాత గార్డు:
అదే రేకు, అంటే అవే పెట్టెల వరుస, తిరిగి ఇంకో బండిగా వెళ్లాలి కాబట్టి. ఈలోగా సిబ్బంది డ్యూటీ గంటలు అయిపోతాయి, వాళ్లు ఎక్కాల్సిన తర్వాతి బండి ఇంకో ఊళ్లో ఆగిపోతుంది.

వసుంధర:
నష్టం వసూలు గురించి ఒక కేసు చెబుతాను. 2007లో జపాన్లో మతిమరుపు జబ్బున్న 91 ఏళ్ల పెద్దాయన, భార్య కాసేపు కునుకు తీసినప్పుడు ఇల్లు దాటి పట్టాల మీదికి వెళ్లి రైలు తగిలి చనిపోయాడు. రైళ్లు ఆలస్యమై నష్టం వచ్చిందని రైల్వే సంస్థ ఆ కుటుంబం మీద దాదాపు 72 లక్షల యెన్లకు దావా వేసింది. కింది కోర్టు మొత్తం కట్టమంది. ఆ భార్యకు అప్పటికే ఎనభై దాటాయి. చివరికి 2016 మార్చి 1న సుప్రీంకోర్టు, కుటుంబం కట్టనక్కర్లేదని తేల్చింది. ఎనిమిదేళ్లకు పైగా నడిచింది ఆ గొడవ. పట్టాల మీద కనిపించేవాళ్లలో జబ్బుమనుషులుంటారు, బతుకు మీద ఆశ వదులుకుని వచ్చినవాళ్లుంటారు. వాళ్ల చేతికి బిల్లు ఎలా ఇస్తామండీ?

మూడో లైను:
వాళ్లను వదిలేయండి వసుంధర గారూ. దగ్గరి దారని దాటేవాళ్లు, ఫొటోల కోసం దిగేవాళ్ల సంగతి?

వసుంధర:
వాళ్లకు జరిమానా వేయాల్సిందే, కాదనను. కానీ జరిమానా భయం ఒక్కటే సరిపోదు. ముంబైలో వడాలా దగ్గర ఒక ప్రయోగం చేశారు. పెద్ద వస్తువు వస్తుంటే కంటికి అసలు వేగం కన్నా నెమ్మదిగా వస్తున్నట్టు అనిపిస్తుంది. అందుకని పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మెల్లో (స్లీపర్లు) కొన్నింటికి పసుపు రంగు వేశారు. బండి వాటిని ఎంత త్వరగా దాటుతోందో చూస్తే వేగం తెలిసిపోతుంది. ఒకే పొడుగు కూత బదులు రెండు పొట్టి కూతలు వేయించారు. అక్కడ చావులు తగ్గాయి.

కిటికీ సీటు:
అన్నీ సరే, బండి లోపలున్నవాళ్ల మాటేమిటి? ఏమైందో చెప్పేవాళ్లుండరు, ఏసీ ఆగిపోతుంది, పిల్లలు ఏడుస్తుంటారు. 2018 మార్చిలో లండన్లో లూయిషామ్ దగ్గర మంచు వల్ల రైళ్లు నిలిచిపోతే, విసిగిపోయిన ప్రయాణికులే తలుపులు తెరుచుకుని కిందికి దిగారు. పక్కనే మూడో పట్టాలో కరెంటు. దాంతో సరఫరా ఆపాల్సి వచ్చి, మిగతావాళ్లంతా ఇంకా ఎక్కువసేపు ఇరుక్కుపోయారు.

పాత గార్డు:
ఇదీ అసలు పాయింటు. ఆపండి, కానీ వెనక వస్తున్న బండ్లను ప్లాట్‌ఫారాల దగ్గరే పట్టుకోండి, నడి సెక్షన్లో వదలకండి. ఏమీ తెలియకపోయినా పది నిమిషాలకోసారి మైకులో మాట్లాడండి. "ఇంకా వెతుకుతున్నారు" అన్న ఒక్క మాట విన్నా జనం తలుపుల జోలికి పోరు. ఇది చేయని కంట్రోలు రూమువాళ్లను తిట్టండి, నేనూ మీతో కలుస్తాను.

కిటికీ సీటు:
దానికి ఒప్పుకుంటాను. ఫొటోల కోసం దిగినవాడి దగ్గర మాత్రం మామూలు జరిమానా కాదు, ఆలస్యం ఖర్చులో వాటా రాబట్టాలన్న మాట మీదే ఉన్నాను.

వసుంధర:
ఏ ఆలస్యం అతని వల్ల, ఏది సిబ్బంది కొరత వల్ల అని లెక్క తేల్చేది ఎవరు? అది చెప్పండి ముందు.