‘మద్దెల ఓడు’లో ఓడింది ఎవరు?

మాది ధర్మాబాద్, నాందేడ్ జిల్లా. ఇంట్లో తెలుగే కానీ నా చదువంతా మరాఠీ బడిలో, కాబట్టి తెలివితక్కువ ప్రశ్న అయితే తిట్టకండి. ‘ఆడలేక మద్దెల ఓడు’ అంటాం కదా, అందులో ‘ఓడు’ అంటే ఓడిపోవడమేనా? నేను ఇన్నాళ్లూ అలాగే అనుకున్నాను.

ఈ గొడవ ఎందుకొచ్చిందంటే, మా ఇంట్లో మామిడి తొక్కుకు వరుసగా మూడో ఏడు బూజు పట్టింది. మొదటిసారి కాయ మంచిది కాదన్నాను, తర్వాత జాడీ అన్నాను, ఈసారి మిరపపొడిని అన్నాను, అదీ మిర్చికి పేరున్న ఊళ్లో ఉండి! పక్కింటి మరాఠీ ఆజీ (అవ్వ) నవ్వి, ‘నాచతా యేఈనా అంగణ వాకడే, రాంధతా యేఈనా ఓలీ లాకడే’ అంది. ఆడటం రానివాళ్లకు వాకిలి వంకర, వండటం రానివాళ్లకు కట్టెలు తడి. మా అత్తమ్మ ఊరుకుంటుందా, వెంటనే మద్దెల సామెత అందుకుంది.

— అక్కా, ఓడిపోవడం కాదు. ఓడు అంటే పగిలింది, బీటవారింది. నాడు–నాటి, కాడు–కాటి లాగే ఓడు–ఓటి. ‘ఓటికుండకు మోత ఎక్కువ’ వినే ఉంటారు. అంటే మద్దెల పగిలింది, అందుకే నా ఆట కుదరలేదు అని సాకు.

— దెగ్లూర్ నుంచి. సామెత సరే గానీ నాకు మీ పోస్టులో ‘బూజు పట్టింది’ అన్న మాటే నచ్చింది. మన క్రియలే మనకు దాక్కునే చోటు ఇస్తాయి. గ్లాసు పగిలింది అంటాం, పగలగొట్టాను అనం. తాళంచెవి పోయింది, పరీక్ష పోయింది, డబ్బు పోయింది. అన్నీ వాటంతట అవే పోతాయి, పాపం! ‘పోగొట్టుకున్నాను’ అనే మాట ఉంది, కానీ అందులో నేను కనిపిస్తాను కదా, అందుకే నోటికి రాదు. మరాఠీవాళ్లు ‘మాఝ్యాకడూన్ ఫుట్లా’ అంటారు, నా వల్ల పగిలింది అని, సగం ఒప్పుకున్నట్టు. మనం మాత్రం కర్తను వదిలేసి కర్మ అని నుదురు కొట్టుకుంటాం. ఒకసారి పోతే పోయిందనొచ్చు, మూడేళ్లు వరుసగా పోతే వాక్యంలో కర్త ఎవరో వెతకాలి కదా అక్కా.

— దొరికిపోయాను అన్నా. కాయలు కడిగి, తుడిచి ఆరబెట్టకుండానే ముక్కలు కొట్టి కలిపేశాను. అత్తమ్మకు బీపీ అని ఉప్పు కూడా తగ్గించాను, ఆమెకు చెప్పకుండా. సరే, తొక్కు పాడు కాలేదు, పాడుచేశాను. ఇప్పుడు వ్యాకరణం కుదిరిందా? అది అత్తమ్మకు చెప్పడానికి మాత్రం ఇంకా టెన్షన్‌గానే ఉంది.

ఇంకో డౌటు. ‘ఓటి జాడీ’ అనొచ్చా?

— అనొచ్చు. కానీ మీ జాడీ బాగానే ఉన్నట్టుంది.