ల్యుకేమియా తగ్గిన పిల్లల తల్లిదండ్రులకు స్పానిష్ అనువాదం ఒక్కటే సరిపోతుందా?

పిల్లల వార్డు నర్సు (లాస్ ఏంజెలెస్):
అమెరికాలో పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్. అది లాటినో పిల్లల్లో, అంటే లాటిన్ అమెరికా మూలాలున్న పిల్లల్లో, మరీ ఎక్కువ. రెండు మూడేళ్ల చికిత్స తర్వాత పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బతుకుతున్నారు. అయితే జబ్బు మెదడుకు పాకకుండా వెన్నులోకి ఎక్కించే మెథోట్రెక్సేట్ లాంటి మందుల వల్ల కొందరిలో ఏకాగ్రత, జ్ఞాపకం, పని చేసే వేగం తగ్గుతాయి. బడిలో పాఠాలు బరువెక్కేదాకా ఆ లోటు బయటపడదు. ఇంట్లో చదువు అలవాట్లు ఎలా నిలపాలో, బడివారితో ఎలా మాట్లాడాలో తల్లిదండ్రులకు నేర్పే శిక్షణలు చాలావరకు ఇంగ్లీషు కుటుంబాల కోసం తయారైనవి. వాటిని స్పానిష్‌లోకి మార్చి ఊరుకుంటే చాలదనీ, ఆ కుటుంబాల జీవితానికి తగినట్లు తిరగరాయాలనీ నా అభిప్రాయం. మీరేమంటారు?

డాలస్ తండ్రి:
నేను ఒప్పుకోను. మాది లాటినో కుటుంబం కాదు గాని, మా అబ్బాయికీ ఇదే జబ్బు వచ్చి తగ్గింది. వాడి జ్ఞాపకం, ఏకాగ్రత ఎలా ఉన్నాయో పరీక్షలు చేయించమని బడిని అడిగితే, మీవాళ్లు పిల్లల్ని చదువు కోసం మరీ ఒత్తిడి చేస్తారని కౌన్సెలర్ మా సంస్కృతి మీదే నెట్టేసింది. వైకల్యం ఉన్న పిల్లల విద్యకు సంబంధించిన కేంద్ర చట్టం, అంటే ఐడియా, దాని నిబంధనల్లో, ప్రత్యేక విద్యకు అర్హత కలిగించగల జబ్బుల మధ్య ల్యుకేమియా పేరు స్పష్టంగా ఉంది. ఆ సంగతి తేటగా స్పానిష్‌లో చెప్పండి, చాలు. సంస్కృతి అనే మాట వచ్చిన ప్రతిచోటా తప్పు తల్లిదండ్రులదే అవుతుంది.

రాత్రి షిఫ్టు:
తల్లిదండ్రుల శిక్షణ తరగతి పనిదినాన మధ్యాహ్నం పెడితే హోటల్లో గదులు శుభ్రం చేసే తల్లి ఎలా వస్తుంది? ముందు వేళ మార్చండి.

పిల్లల వార్డు నర్సు:
డాలస్ తండ్రి గారూ, చట్టం తెలిసినంత మాత్రాన అడిగే ధైర్యం రాదు. నేను చూసిన తల్లుల్లో చాలామందికి టీచరు మాటే చివరి మాట. రాతపూర్వకంగా పరీక్ష కోరడం ఆవిడను అవమానించడమేనని వారు భావిస్తారు. చావు అంచుదాకా వెళ్లివచ్చిన బిడ్డను హోంవర్కు కోసం కూర్చోబెట్టడం క్రూరమని ఇంట్లో అమ్మమ్మ అడ్డుపడుతుంది. అందుకే అమ్మమ్మనూ తరగతికి పిలవాలి, బడివారితో మాట్లాడటం అభ్యాసం చేయించాలి, అదే సమాజం నుంచి వచ్చిన ప్రొమొతోరా అనే ఆరోగ్య కార్యకర్త పక్కన ఉండాలి. లాటినో కుటుంబాలతో జరిగే మానసిక చికిత్సా పరిశోధనలను వారి సంస్కృతికి తగినట్లు మలచడం కోసం మనస్తత్వవేత్త బెర్నాల్, ఆయన సహచరులు 1995లో 8 అంశాల చట్రం ఇచ్చారు. అందులో భాష ఒక్క అంశం మాత్రమే.

డాలస్ తండ్రి:
టీచరుకు ఎదురు చెప్పకపోవడం సంస్కృతి కాదు, భయం. వలస పత్రాలు లేనివారికి ఏ కార్యాలయంలో నోరు తెరిచినా భయమే. పేదరికానికి మీరు సంస్కృతి అని పేరు పెడుతున్నారు. పైగా మెక్సికోలోని ఒహాకా నుంచి వచ్చిన కుటుంబం ఇంట్లో స్పానిష్ కాక మిక్స్‌టెక్ అనే ఆదివాసీ భాష మాట్లాడవచ్చు, గ్వాటెమాలా నుంచి వచ్చినది కిచే అనే మరో ఆదివాసీ భాష మాట్లాడవచ్చు. వారందరికీ ఒకే లాటినో సంస్కృతి తరగతి ఎలా పనికొస్తుంది?

మనస్తత్వశాస్త్ర విద్యార్థిని:
డెట్రాయిట్‌లో పర్రా-కర్దోనా అనే పరిశోధకుడి బృందం లాటినో వలస తల్లిదండ్రులకు ఒకే పెంపకపు శిక్షణను రెండు రూపాల్లో ఇచ్చి పోల్చింది. రెండో రూపంలో వలస కష్టాలు, రెండు సంస్కృతుల మధ్య బతకడం గురించిన పాఠాలు అదనంగా చేర్చారు. అది క్యాన్సర్ కుటుంబాలతో చేసిన పని కాదు గాని, వలస భయమే అక్కడ పాఠంలో భాగమైంది. మీరిద్దరూ విడదీస్తున్న రెండూ విడిపోనక్కర లేదేమో.

పిల్లల వార్డు నర్సు:
నేను చెప్పేదీ అదే. డాలస్ తండ్రి గారు మాత్రం ప్రతి జవాబులో తమ బడి గొడవనే తెచ్చి, వేరే సమాజపు తల్లుల అవసరాన్ని దానితోనే కొలుస్తున్నారు. ఇది న్యాయం కాదు.

డాలస్ తండ్రి:
అయితే సూటిగా అడుగుతాను. మందు ఇచ్చింది ఆసుపత్రి. పరీక్ష చేయనిది బడి. మరి పాఠం మాకెందుకు? బిడ్డ జ్ఞాపకం తగ్గింది మా పెంపకం వల్లనా? మందుల ప్రభావమని అందరికీ తెలిసి కూడా మొదట దిద్దేది తల్లినీ తండ్రినీ. స్పానిష్‌లో దిద్దినా, ఇంగ్లీషులో దిద్దినా ఆ గాయం ఒకటే.

పిల్లల వార్డు నర్సు:
మీ కోపం ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది. మందు వల్లనే జరిగిందని ప్రతి తరగతిలో మొట్టమొదట చెప్పాలి, ఆ మాటలో నాకు సందేహం లేదు. కాని కాలిఫోర్నియాలో కోరిక అందిన 15 రోజుల్లో బడి పరీక్షా ప్రణాళిక ఇవ్వాలి, తల్లి సంతకం చేశాక 60 రోజుల్లో ముగించాలి. ఆ గడువు ఎవరో ఒకరు అడిగితేనే మొదలవుతుంది. బడి మారేదాకా కూర్చుంటే బిడ్డ తరగతులు దాటిపోతాడు.

డాలస్ తండ్రి:
ఆ లేఖ ఆసుపత్రే రాయాలి. చికిత్స ముగిశాక చేసే దీర్ఘకాల పరిశీలనలో ఆలోచనా శక్తి పరీక్ష ఉండాలని పిల్లల క్యాన్సర్ మీద పరిశోధించే చిల్డ్రన్స్ ఆంకాలజీ గ్రూప్ మార్గదర్శకాలే చెబుతున్నాయి. దాన్ని తప్పనిసరిగా చేయించి బడికి పంపండి. సమావేశంలో దుబాసీని ఏర్పాటు చేయడం చట్టప్రకారం బడి బాధ్యత. ఇవన్నీ జరిగాక తల్లిదండ్రుల తరగతి పెట్టుకోండి.

పిల్లల వార్డు నర్సు:
లేఖ సంగతి ఒప్పుకుంటున్నాను, వరుస సంగతి ఒప్పుకోను. దుబాసీ మాటను మాత్రమే చేరవేస్తారు. అక్కడికక్కడే సంతకం పెట్టనక్కర లేదనీ, కాగితం ఇంటికి తీసుకెళ్లి చదువుకోవచ్చనీ తల్లికి చెప్పడం వారి పని కాదు. ఆ మాట చెప్పే మనిషికి జీతం ఆసుపత్రి పద్దు నుంచి రావాలా, బడి పద్దు నుంచి రావాలా?