సగం సీట్లతోనే సిటీ బస్సు నడపాల్సి వస్తే ట్రిప్పులు ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ పెంచాలి?

ఆరిలోవ_కాలనీ (ప్రశ్న)

కరోనా లాంటిది మళ్ళీ వస్తే విశాఖ సిటీ బస్సులు ఎలా నడపాలన్న దాని మీద కాలనీ సంఘాల తరఫున కలెక్టరేట్‌కి వినతిపత్రం తయారవుతోంది. 2020 మార్చిలో ఆగిన సిటీ సర్వీసులు సెప్టెంబరులో గానీ రోడ్డెక్కలేదు. ఈసారి అలా జరగకూడదు. ముసాయిదాలో ‘అన్ని రూట్లలో సమానంగా సగం ట్రిప్పులు, బస్సులో సగం సీట్లు’ అని రాసి ఉంది. ఇది అందరికీ న్యాయమేనా? బ్లీచింగ్ ద్రావణం రోజుకి ఎన్నిసార్లు కొట్టించమనాలి? టికెట్లు పూర్తిగా ఫోన్ పేమెంట్‌కి మార్చమని అడగొచ్చా?

షెడ్యూలు_లెక్క

‘సమానంగా సగం’ అన్నది ముందు కొట్టేయండి.

40 సీట్ల బస్సు అనుకుందాం. మామూలు రోజుల్లో పొద్దున రద్దీకి నిలబడ్డవాళ్ళతో కలిపి 60 మంది. సగం మంది ప్రయాణం మానుకున్నా స్టాపుల్లో 30 మంది ఉంటారు. బస్సులో చోటు 20 మందికే. అంటే పాత ట్రిప్పులన్నీ నడిపినా చాలవు, ఒకటికి ఒకటిన్నర కావాలి. దాని మీద ట్రిప్పులు కూడా సగం చేస్తే పాత ట్రిప్పు ఒక్కింటికి పదిమందే కదులుతారు, ఇరవై మంది మిగిలిపోతారు. వాళ్ళేమీ ఇంటికి తిరిగి వెళ్ళరు. షేర్ ఆటోలో ఒకరి మీద ఒకరు కూర్చుని పనికి పోతారు. బస్సులో తప్పిన ముప్పు ఆటోలో ఎదురవుతుంది.

తగ్గించాల్సింది ఇంటి నుంచి పని చేసుకోగలిగినవాళ్ళ రూట్లలో. కాలేజీలు మూసేస్తే వాటి స్పెషల్స్, రుషికొండ ఐటీ ఆఫీసుల ట్రిప్పులు. అలాగని అటు వెళ్ళే బస్సులన్నీ తీసేయొద్దు. భీమిలి నుంచి చేపల బుట్టలతో వచ్చే ఆడవాళ్ళకీ అదే దారి. పెంచాల్సింది ఇంటి నుంచి పని కుదరనివాళ్ళు వెళ్ళే గాజువాక, మల్కాపురం, పరవాడ ఫార్మా సిటీ, కేజీహెచ్, విమ్స్ ఆసుపత్రుల వైపు.

బస్సులు ఎన్ని కావాలో కాగితం మీదే తేలుతుంది. కూర్మన్నపాలెం–మద్దిలపాలెం రానూ పోనూ, చివర్లో ఆగే టైముతో కలిపి 150 నిమిషాలు అనుకుంటే, 15 నిమిషాలకో బస్సుకి 10 బస్సులు, 10 నిమిషాలకో బస్సుకి 15. ఆ ఐదూ తగ్గించిన రూట్ల నుంచి తేవాలి. అవీ చాలకపోతే ఖాళీగా ఉన్న కాలేజీ బస్సులున్నాయి. 2005 విపత్తు నిర్వహణ చట్టం 65వ సెక్షన్ కింద వాహనాలు తీసుకోవచ్చు, 66 కింద పరిహారం ఇవ్వాలి. ఆ రెండు నంబర్లూ వినతిపత్రంలో రాయండి. కాలేజీ బస్సు డ్రైవరుకి స్టేజీలు తెలియవు కాబట్టి ఒక కండక్టరు, తెలుగు బోర్డు తప్పనిసరి.

ఇంకో చిక్కు. 20 సీట్లూ గాజువాకలోనే నిండితే షీలానగర్, ఎన్ఏడీ, తాటిచెట్లపాలెంలో బస్సు ఆగదు. ప్రతి మూడో బస్సూ ఎన్ఏడీ నుంచి ఖాళీగా బయల్దేరేలా అడగండి.

ఏ_షిఫ్ట్

పైన చెప్పినదానికి టైము కూడా కలపాలి. 2021 మే 5 నుంచి రాష్ట్రంలో మధ్యాహ్నం 12 నుంచి మర్నాడు ఉదయం 6 దాకా కర్ఫ్యూ, బస్సులూ 12కే బంద్. ఆరింటికి ఎక్కి రెండింటికి దిగే షిఫ్టుకి ఆ వేళల్లో పోవడానికీ లేదు, రావడానికీ లేదు. పర్మినెంటు ఉద్యోగికి కంపెనీ బస్సు ఉంటుంది, కాంట్రాక్టు కూలీకి ఉండదు. తెల్లారకముందే రోడ్లు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులదీ ఇదే బాధ.

కర్ఫ్యూ ఉన్నా ఉదయం 4.30కి ఒకటి, మధ్యాహ్నం 2.30కి, రాత్రి 10.30కి ఒక్కొక్కటి షిఫ్టు బస్సు ఉండాలని, ఐడీ కార్డు లేని కూలీకి మేస్త్రీ ఇచ్చే చీటీ చెల్లాలని రాయించండి. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళకి ఆసుపత్రి చీటీయే పాస్‌గా చెల్లాలి.

వర్క్‌షాప్_మాట

బ్లీచింగ్ కొట్టడం కంటే గాలి ముఖ్యం. ఇలాంటి జబ్బు ఎక్కువగా పాకేది గాలి ద్వారానే.

మన సిటీ బస్సు కిటికీ రెండు గ్లాసుల జారుడు కిటికీ. పూర్తిగా తీసినా సగమే తెరుచుకుంటుంది. ఆ సగం కూడా చాలా బస్సుల్లో కదలదు. కింది గాడిలో ఇసుక, పల్లీ పొట్టు, టికెట్ ముక్కలు గట్టిపడి ఉంటాయి, సముద్రపు గాలికి రేకు తుప్పు పట్టి ఉబ్బుతుంది. స్క్రూడ్రైవరుతో గాడి గీకి, నీళ్ళతో కడిగి, ఆరాక సబ్బు రుద్దితే గ్లాసు జారుతుంది. గ్రీజు పెట్టొద్దు, రెండు రోజుల్లో దుమ్ము పట్టి మళ్ళీ బిగుసుకుంటుంది. వానలో కూడా రెండు వైపులా ముందొకటి, వెనకొకటి నాలుగు వేళ్ళంత తెరిచి ఉండాలి. ఏసీ బస్సులు లోపలి గాలినే తిప్పుతాయి, వాటిని ఆఖరికి వాడాలి.

కార్బన్ డయాక్సైడ్ మీటరు ఒకటి డిపోకి ఉంటే ఏ బస్సులో గాలి ఆడటం లేదో తెలుస్తుంది. బయట 420 పీపీఎం దగ్గర ఉంటుంది. లోపల 800 లోపు ఉంటే మంచిది, 1000 దాటితే కిటికీలు చూడాలి. మీటరు ఊపిరి తగిలేలా పట్టుకుంటే తప్పు చూపిస్తుంది.

తుడవడానికి 5 శాతం హైపోక్లోరైట్ (మీరు అడిగిన బ్లీచింగ్ ద్రావణం) 1 లీటరుకి 4 లీటర్ల నీళ్ళు కలిపితే 1 శాతం ద్రావణం. గుడ్డతో తుడిచి 10 నిమిషాలు ఉంచాలి. ఏ రోజుది ఆ రోజే కలపాలి. పట్టుకునే రాడ్లు లోహం కాబట్టి తుప్పు పడతాయి, వాటికి 70 శాతం ఆల్కహాల్. యాసిడ్‌తో ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. మనుషుల మీద కొట్టడం అసలు వద్దు.

ఆరిలోవ_కాలనీ

చాలా థ్యాంక్సండి. ‘సమానంగా సగం’ తీసేస్తున్నాం. టికెట్ల సంగతి కూడా చెప్పగలరా?

స్టేజీ_టికెట్

ఫోన్ పేమెంట్ పెట్టమనండి, నోట్లు మాత్రం ఆపొద్దని రాయండి. నోట్లు ఆపితే ముందు దిగిపోయేది పూర్ణా మార్కెట్ హమాలీ. పెద్ద స్టాపుల్లో కండక్టరు కిందే నిలబడి టికెట్లు కొడితే బస్సులో తోపులాట ఉండదు. బస్సులు ఆగిన రోజులు నెల పాసుకి కలపాలి. వదిలేయాల్సిన సీట్ల మీద టేపు వేసేటప్పుడు దివ్యాంగుల ముందు సీట్లకి వేయకూడదు.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి ఉచిత బస్సు పథకం కింద ఆడవాళ్ళకి జీరో టికెట్ ఇస్తున్నారు కాబట్టి ఏ స్టేజీలో ఎంతమంది ఎక్కుతున్నారో కండక్టరు టికెట్లు కొట్టే టిమ్ మిషన్లలో ఉంటుంది. షెడ్యూలు దాన్నిబట్టి వేయమనండి. అయితే మిషన్‌లో ఉండేది ఎక్కినవాళ్ళ లెక్కే. చోటు లేక స్టాపులో ఉండిపోయినవాళ్ళ లెక్క ఎక్కడా పడదు, చివరికి ‘ఆ రూట్‌లో జనం లేరు’ అని ఉన్న బస్సు కూడా తీసేస్తారు. ఆ లెక్క మీ సంఘాలే రాయగలవు. స్టాపుకి ఒకరు, ఉదయం 5 నుంచి 9 దాకా, వరసగా మూడు రోజులు. బస్సు వచ్చిన టైము, ఎక్కినవాళ్ళు, మిగిలినవాళ్ళు, వాళ్ళలో ఆటో ఎక్కినవాళ్ళు. ఈ నాలుగు గళ్ళ కాగితం వినతిపత్రానికి జత చేయండి.