ఉయ్యాలలో రాత్రి నిద్ర పట్టట్లేదు, ఏది కొనాలి?

లంకకుర్రోడు:
రాత్రంతా దీంతోనే కుస్తీ అండి, విసుగొచ్చేసింది. ఆన్‌లైన్‌లో కొన్న పారాచూట్ గుడ్డ ఉయ్యాల మా తోటలో కట్టాను. బాగా బిగించాను కూడా. అయినా ఎక్కగానే నడ్డి కుంగిపోతోంది, గుడ్డ రెండు వైపులా భుజాల్ని నొక్కేస్తోంది. పైగా దోమలు. వచ్చే నెల ముగ్గురం అడవిలో రెండు రాత్రులు ఉండాలని ప్లాను. మిగతా ఇద్దరూ టెంట్ అంటున్నారు, నేనే పంతం పట్టాను. ఖరీదైనది కొంటే ఈ బాధ తప్పుతుందా? ఏ కంపెనీ మంచిది?

కొబ్బరిమట్ట:
తోట అంటే కొబ్బరితోటేనా? కాపు మీదున్న చెట్టు కింద ఎవరైనా పడుకుంటారాండీ? కాయ సంగతి అలా ఉంచండి, ఎండుమట్ట పడినా చాలు. దింపు అయిపోయింది కదా అని ధీమా వద్దు, మట్టకి దింపుతో పనేముంది. మా వైపు మంచం కూడా వెయ్యరు. ఫొటోల కోసం రిసార్టుల వాళ్లు నేర్పిన అలవాటు ఇది.

యానాంబాటసారి:
చెట్ల మధ్య ఎడం ఎంత? ఉయ్యాల పొడవెంత? ఎంత ఎత్తులో కట్టారు?

అడవిదారి:
ముందు ఏ అడవో చెప్పండి. కోరింగ మడ అడవైతే మానుకోండి. అది అభయారణ్యం. 1972 వన్యప్రాణి చట్టం కింద అనుమతి లేకుండా లోపలికెళ్లడమే నేరం, ఇంక రాత్రి బస సంగతి చెప్పాలా? పైగా పోటొస్తే కింద పెట్టిన చెప్పులు కూడా మిగలవు. పాపికొండలు కూడా నేషనల్ పార్కే. ఈ మధ్య రీల్స్ చూసి బయల్దేరిపోతున్నారు జనం.

లంకకుర్రోడు:
మడ అడవని ఎవరన్నారండీ? మారేడుమిల్లి వైపు. క్యాంపు స్థలం వాళ్లే చూపిస్తామన్నారు. ఎడం అంటే కొబ్బరితోటలో మామూలుగా ఉండేదే. ఛాతీ ఎత్తులో కట్టాను. ఉయ్యాల 9 అడుగులు.

యానాంబాటసారి:
మామూలు అంటే 25 అడుగులు. అదీ సంగతి. అంత ఎడంలో ఛాతీ ఎత్తున కడితే నడుం నేలకి తగలకుండా బిగించక తప్పదు. బిగించారు కాబట్టే భుజాలు నొక్కుతోంది. 12-15 అడుగుల ఎడమున్న చెట్లు చూసుకోండి. తాడు 30 డిగ్రీల వాలులో దిగాలి, కూర్చుంటే గుడ్డ మోకాలి ఎత్తులో ఉండాలి. తిన్నగా కాదు, ఐమూలగా పడుకోండి, వీపు చదునవుతుంది. 9 అడుగుల దాంట్లో ఐమూల అంతంతమాత్రం. 11 అడుగులది కొనండి, కంపెనీ ఏదైనా పర్లేదు.

లారీబెల్టు:
బిగిస్తే ఏమవుతుందండీ? వాటి మీద 200 కేజీల కెపాసిటీ అని రాసుంటుంది. ఈయన ఎంతుంటాడు, 80?

యానాంబాటసారి:
ఆ 200 లోపల పడుకునే బరువు. తాడు మీద పడే లాగుడు వేరు. 80 కేజీల మనిషికి 30 డిగ్రీల దగ్గర ఒక్కో వైపు 80 కేజీల లాగుడు. 10 డిగ్రీలకి బిగిస్తే 230.

లారీబెల్టు:
కెపాసిటీ అంటే కెపాసిటీయే. లాగుడుని కేజీల్లో చెప్పడమే తప్పు, న్యూటన్లలో చెప్పాలి. సరే, నా మాటగా లారీ లోడు కట్టే పాలిస్టర్ బెల్టు వాడండి. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది, తెల్లారేసరికి నేల మీదుంటారు. బెల్టు వెడల్పు కాబట్టి బెరడు కూడా కొయ్యదు.

గోదారిగట్టు:
వచ్చే నెలంటే జనవరి. మారేడుమిల్లి చలి గురించి ఒక్కరూ ఎత్తరేం? ఉయ్యాలలో చలి కింద నుంచి కొడుతుంది. స్లీపింగ్ బ్యాగు ఉంది కదా అనుకోకండి, ఒంటి బరువుకి కింది దూది అణిగిపోయి పనిచెయ్యదు. దీనికోసం ఉయ్యాల కింద బయట వేలాడదీసే అండర్‌క్విల్ట్ ఉంటుంది, సుఖంలో దానికి సాటి లేదు, ధర అడక్కండి. నేనైతే ఫోమ్ షీటుతో సర్దుకుంటాను. ఒంటి పొర గుడ్డ మీద అది రాత్రంతా జారుతుంది. రెండు పొరల ఉయ్యాల కొంటే పొరల మధ్య దూర్చెయ్యొచ్చు. దోమలు కూడా కింద గుడ్డలోంచి కుడతాయి, ఫోమ్ ఉంటే అదీ ఆగుతుంది. పైన దోమతెర తప్పనిసరి, ఏజెన్సీలో మలేరియాతో ఆటలొద్దు. 10 అడుగుల చదరం బరకం ఒకటి పైన వెయ్యండి. బరకం లోపలి వైపు తాడుకి చిన్న పురికొస వేలాడగడితే వాన నీళ్లు ఉయ్యాలలోకి రాకుండా దాని వెంట కారిపోతాయి.

కొబ్బరిమట్ట:
అక్కడైనా పైన ఎండుకొమ్మ ఉందేమో చూడమనండి. నేను మొదట్నించీ చెప్పేది అదే.

లారీబెల్టు:
బెల్టు రావులపాలెంలో దొరుకుతుంది.

లంకకుర్రోడు:
మామిడికీ సపోటాకీ మధ్య వదులుగా కట్టి ఐమూలగా పడుకున్నానండి, చాలా నయం. థాంక్స్. ఫోమ్ ఎన్ని ఎంఎం తీసుకోవాలి?

అడవిదారి:
చూపిస్తామన్నారు సరే, అనుమతి కాగితం మీద ఇచ్చారా, నోటిమాటేనా?