ట్యాబు ఇంటికి పంపాలా, బడి బీరువాలో పెట్టాలా?

కుట్టుమిషను:
మాది ఆంధ్రప్రదేశ్. 2023 డిసెంబరులో మా అబ్బాయికి ప్రభుత్వ బడిలో ట్యాబు ఇచ్చారు. అప్పుడు ఎనిమిదో తరగతి, ఇప్పుడు 2024లో తొమ్మిది. వేసవి సెలవుల్లో అరుగు మీద నుంచి జారిపడి అద్దం పగిలింది. నాకు చెప్పలేదు. పన్నెండు రోజులు పాత చీరలో చుట్టి బియ్యం డ్రమ్ము వెనుక దాచాడు. బడి తెరిచే ముందు రోజు జ్వరమని ముసుగు పెట్టుకున్నాడు. ఒళ్లు చల్లగా ఉంది కదరా అంటే అప్పుడు ఏడ్చాడు. మా గ్రామ సచివాలయానికి మూడుసార్లు తిరిగాను. ఒకసారి ఆ పని చూసే ఉద్యోగి లేరు, ఒకసారి సర్వర్ పనిచేయలేదు, మూడోసారి హెడ్మాస్టరు గారి సంతకం తెమ్మన్నారు. తిరిగిన మూడు రోజులూ కుట్టుమిషను ఎక్కలేదు. ఇప్పుడు మా బడిలో కొందరు మాస్టార్లు ట్యాబులన్నీ వెనక్కి తీసుకుని బీరువాలో పెడదామంటున్నారు. ఇది న్యాయమేనా?

లెక్కల మాస్టారు:
న్యాయమేనమ్మా. నేను వేరే జిల్లాలో ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. ఆ ట్యాబులో పాఠాలు మెమరీ కార్డులో ముందే నింపి ఇచ్చారు, ఇంటర్నెట్ లేకపోయినా తెలుగులోనూ ఇంగ్లీషులోనూ చూడవచ్చు. ఆలోచన మంచిదే. కానీ నా తరగతిలో 42 మంది ఉంటే 11 మంది సెల్‌ఫోన్ దుకాణానికి వెళ్లి, ఆటలు రాకుండా ట్యాబుకు వేసిన తాళం తీయించుకున్నారు. పాఠాలు పోయాయి, ఆటలు వచ్చాయి. రాత్రి ఒంటిగంట దాకా ఆడి మొదటి పీరియడ్‌లో కునికిపాట్లు పడుతున్నారు. బడిలో ఉంచితే రోజుకు గంటైనా చదువు జరుగుతుంది.

మిరప తోట:
ఇవన్నీ ఎన్నికల కోసం ఇచ్చినవి. వీటి గురించి ఇంత చర్చ అనవసరం.

నిర్వాహకుడు:
పార్టీల ప్రస్తావన తేవద్దు. విషయం మీదే మాట్లాడండి.

నాలుగో బెంచీ:
మాది తెలంగాణ. కరోనాతో బడులు మూసినప్పుడు, 2020 సెప్టెంబరు 1 నుంచి టీవీలో, ప్రభుత్వ ఛానెళ్లు టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు వేశారు. మా ఇంట్లో టీవీ ఒకటే, అదీ పాడైంది. ఫోను మా నాన్నతో లారీలో తిరిగేది. పదో తరగతి భౌతికశాస్త్రం పక్కింటి కిటికీ బయట నిలబడి విన్నాను. వాళ్లు ఛానెల్ మారిస్తే నా పాఠం అయిపోయినట్టే. పిల్లవాడికి తనదంటూ ఒకటి ఇంట్లో ఉండటం ఎంత ముఖ్యమో బీరువా గురించి మాట్లాడేవారికి తెలియదు.

రశీదు అడగండి:
అమ్మా, అసలు విషయం పక్కన పడిపోయింది. మూడేళ్ల వారంటీ ఉంది. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదటి విడత ఇచ్చినప్పుడే వేదిక మీద చెప్పారు: సమస్య వస్తే సచివాలయంలో ఇచ్చి రశీదు తీసుకోండి, వారంలో బాగుచేసి ఇస్తారు, లేకుంటే వేరేది ఇస్తారు అని. మీకు రశీదు ఇచ్చారా?

లెక్కల మాస్టారు:
వారంటీ అంటే తయారీలో లోపానికి. కింద పడేసి పగలగొట్టిన అద్దానికి వర్తించదు.

రశీదు అడగండి:
‘సమస్య వస్తే’ అన్నారు. అద్దం పగలడం సమస్య కాదా?

లెక్కల మాస్టారు:
వేదిక మీద చెప్పిన మాట వేరు, కాగితం మీద ఉండే షరతు వేరు. ఏ కొట్టులోనైనా అడగండి, పగిలిన అద్దానికి వారంటీ ఇవ్వరు.

రశీదు అడగండి:
పిల్లల తల్లిదండ్రులు విన్నది వేదిక మీది మాటే. వాళ్లకు షరతుల కాగితం ఎవరు చదివి వినిపించారు? రశీదు ఇవ్వకుండా తిప్పడం తప్పు. అంతవరకైనా ఒప్పుకోండి.

లెక్కల మాస్టారు:
అది తప్పే. కానీ వారంటీ వర్తించదు.

పాలక్కాడు నుంచి:
నేను కేరళలో పదేళ్లుగా ఉంటున్నాను. ఇక్కడ హైస్కూళ్లలో ‘లిటిల్ కైట్స్’ అని విద్యార్థుల ఐటీ క్లబ్బులు 2018 నుంచి ఉన్నాయి. బడిలో కంప్యూటర్, ప్రొజెక్టర్ మొరాయిస్తే ముందు ఆ పిల్లలే చూస్తారు. 2022 మే నెలలో ఆ పిల్లలే తల్లులను బడికి పిలిచి ఫోను భద్రత, మోసపు సందేశాలు, పాస్‌వర్డులు నేర్పారు. మా పక్కింటి ఆవిడ ఆ శిక్షణకు వెళ్లి వచ్చి, నా ఫోనులో ఏవి ఆపేయాలో నాకు చెప్పింది. పరికరం ఇవ్వడంతో పని అయిపోదు, ఇంటిల్లిపాదికీ నేర్పాలి.

లెక్కల మాస్టారు:
చూశారా, కేరళలో ల్యాప్‌టాప్‌లు చాలావరకు బడికే ఇచ్చారు. నేను చెబుతున్నదీ అదే.

పాలక్కాడు నుంచి:
నేను చెప్పింది తల్లుల శిక్షణ గురించి.

లెక్కల మాస్టారు:
శిక్షణ ఇస్తే మంచిదే, ఎవరు కాదన్నారు? ఈ లోపల ఏం చేయాలి? పాస్‌వర్డు మార్చడం తెలియని తల్లి ఇంట్లో పిల్లవాడిని ఎలా కనిపెట్టుకుంటుంది? నిజం చెబితే కోపం వస్తుంది కానీ, సగం ఇళ్లలో పరిస్థితి ఇదే.

కుట్టుమిషను:
మాస్టారూ, కోపం వచ్చింది. మీరు అన్న తల్లిని నేనే. మిషను శబ్దం విని సూది వంగిందో, దారం బిగిసిందో చెప్పగలను. పుట్టుకతో రాలేదు, ఒకావిడ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. ట్యాబు ఇచ్చిన రోజు నన్ను బడికి పిలిచారు. రెండు చోట్ల సంతకం చేయించుకుని పంపేశారు. ఎలా తెరవాలో, ఆటలు ఎలా ఆపాలో, పగిలితే ఎవరికి చెప్పాలో ఒక్కరూ చెప్పలేదు.

ఇంకొక మాట. మా వాడు నా భయంతో దాచలేదు. పగలగొట్టినవాడికి టీసీ ఇవ్వబోమని తరగతిలో ఒక మాస్టారు అన్నారట. ఆ మాటకు పన్నెండు రోజులు అన్నం సరిగా తినలేదు. తాళం తీయించుకున్న పదకొండు మందిని లెక్కపెట్టారు. మిగతా ముప్పై ఒక్క మంది సంగతి ఎందుకు చెప్పలేదు? పేదవాడి బిడ్డ చేతిలో వస్తువు ఉంటే పాడుచేస్తాడనే మీ నమ్మకం. అది చెప్పండి, వారంటీ సంగతి తర్వాత.

నాలుగో బెంచీ:
అమ్మ చెప్పినదానికి నేను ఒక్క అక్షరం కలపలేను.

లెక్కల మాస్టారు:
ఆ ముప్పై ఒక్క మందిలో పదిమంది నిజంగానే చదువుతున్నారు. అది చెప్పకపోవడం నా తప్పు. తల్లి గురించి అన్న మాట కూడా అనకుండా ఉండవలసింది.

కానీ నా మాట వినండి. నిరుడు ఒక అబ్బాయి కుటుంబం జనవరిలో వలస వెళ్లింది, ట్యాబుతో సహా. మాది కర్నూలు పడమటి వైపు, సంక్రాంతి దాటితే సగం బెంచీలు ఖాళీ అవుతాయి. తనిఖీకి వచ్చినవారు రిజిస్టరులో ఆ నంబరు ఎదుట పరికరం చూపమన్నారు. లేదు. సంజాయిషీ రాయమని నాకు నోటీసు వచ్చింది. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో అదే మొదటిసారి. ఆ కాగితం మా ఆవిడకు చూపించలేదు, పుస్తకాల మధ్య దాచాను. పిల్లవాడు పాడుచేస్తాడని కాదమ్మా, పాడైతే నా మెడకు చుట్టుకుంటుందని. బీరువాలో ఉంటే కనీసం రాత్రి నిద్రపడుతుంది.

రశీదు అడగండి:
అంటే పరికరం పోతే నష్టం ఎవరిదో కాగితం మీద రాసి ఉండాలి. అది మాస్టారిదీ కాకూడదు, తల్లిదీ కాకూడదు. నేను మొదటి నుంచీ రశీదు అన్నది ఇందుకే.

మిరప తోట:
అనవసరం అన్నది నేనే. ఒకటి చెప్పాలి. మాది గుంటూరు వైపు. ఏటా కాయ కోతకు మీ కర్నూలు పడమటి నుంచే, కోసిగి, ఆదోని వైపు నుంచి కుటుంబాలు వస్తాయి. పోయిన ఏడు ఒక పిల్లవాడు మా మోటారు గదిలో ట్యాబుకు చార్జింగు పెట్టుకునేవాడు. పగలు కోత, రాత్రి కల్లంలో మిరపకాయల పక్కన పట్టా పరచుకుని పాఠం చూసేవాడు. కాయ ఘాటుకు కళ్లు తుడుచుకుంటూ చూసేవాడు. మీ అబ్బాయో కాదో నాకు తెలియదు.

లెక్కల మాస్టారు:
ఏ తరగతి అని చెప్పాడు?

మిరప తోట:
అడగలేదు. త్రిభుజాలు గీసేవాడు, నేల మీద పుల్లతో.

లెక్కల మాస్టారు:
నిరుడు జనవరిలో ఎనిమిదో తరగతికి త్రిభుజాలు నేనే చెప్పాను. ఈ ఏడు వస్తే అతని పేరు అడిగి రాయండి.

కుట్టుమిషనమ్మా, ట్యాబు వెనుక సన్నటి అక్షరాల్లో సీరియల్ నంబరు ఉంటుంది. దాన్ని, పగిలిన అద్దాన్ని కలిపి ఫోటో తీసుకోండి. హెడ్మాస్టరు గారికి రెండు ప్రతుల్లో అర్జీ రాసి, ఒక దాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. అప్పుడు సచివాలయంలో రశీదు ఇవ్వక తప్పదు. టీసీ ఆపే అధికారం ఏ మాస్టారికీ లేదని అబ్బాయికి చెప్పండి. బీరువా విషయంలో మాత్రం నా మాట మారలేదు.

కుట్టుమిషను:
నంబరు రాసుకున్నాను మాస్టారూ. టీసీ సంగతి వాడికి ఇప్పుడే చెప్పాను. బీరువా విషయంలో నా మాటా మారలేదు.