పాత హాలీవుడ్ సినిమాల్లో అదే సెట్టు, అదే వస్తువు మళ్లీ వాడారని ఎలా తేల్చాలి?

నలుపుతెలుపు: రెండు పాత సినిమాల్లో ఒకే మెట్లవరుస ఉన్నట్టనిపిస్తోంది. అదే సెట్టా, అలాంటిదే ఇంకోటా? ఎలా తేల్చాలండీ?

సెట్‌పిచ్చి: ముందు స్టూడియో చూడండి. స్టూడియో ఒకటే అయి, ఏడాది రెండేళ్ల తేడాలో వచ్చినవైతే అనుమానం బలపడుతుంది. ఆర్కేఓ స్టూడియో వాళ్లు ‘ది మాగ్నిఫిసెంట్ ఆంబర్సన్స్’కి కట్టిన మెట్లనే ‘క్యాట్ పీపుల్’లో వాడారు, రెండూ 1942వే. కెమెరా కోణం దగ్గరదగ్గరగా ఉన్న ఫ్రేములు తీసుకుని, ఒకదాన్ని 50 శాతం పారదర్శకం చేసి రెండోదాని మీద పెట్టండి. కమ్మీల లెక్క, మలుపు, కింది స్తంభం కలవాలి. తివాచీ, గోడ రంగు పట్టించుకోవద్దు, ముందు మార్చేది వాటినే. లెన్సు మారితే మెట్లు సాగినట్టుంటాయి, అందుకే కొలతలకన్నా లెక్కనే నమ్మాలి.

రీలుడబ్బా: చిన్న వస్తువులకు ఆకారం ఒక్కటే చాలదు, ఒకే అచ్చువి చాలా ఉంటాయి. పెచ్చు, అతుకు, వంగిన అంచు, ఇలాంటి దెబ్బ రెండుచోట్లా ఉంటేనే ఖాయం. దెబ్బ కుడి నుంచి ఎడమకు మారితే షాటును అద్దంలోలా కుడిఎడమలు తిరగేశారేమో, చొక్కా గుండీలు కూడా పక్క మారాయేమో చూడండి.

నలుపుతెలుపు: ‘ఫ్రాంకెన్‌స్టైన్’ ల్యాబ్ సామాను సంగతి?

సెట్‌పిచ్చి: అద్భుతమైన ఉదాహరణ! 1931లో ఆ సినిమాకి కెనెత్ స్ట్రిక్‌ఫాడెన్ చేసిన విద్యుత్ యంత్రాలే 1974లో ‘యంగ్ ఫ్రాంకెన్‌స్టైన్’లోనూ నిప్పురవ్వలు చిమ్మాయి. కానీ ఏ సినిమాలోనైనా నటులు లేకుండా యంత్రం ఒక్కటే కనిపిస్తే, పాత షాటునే అతికించి ఉండొచ్చు. గ్రెయిన్ (ఫిల్ము మీద కనిపించే సన్నని నలుసులు), గీతలు పక్క షాట్లతో పోల్చండి.